చక్రం చెంత చప్పుడు

నలుడు బాహుకుడనే మారుపేరుతో ఋతుపర్ణ మహారాజుకు సారథియై విదర్భ రాజధాని కుండినపురానికి వచ్చిన ఘట్టం భారతం అరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో ఉంది. రథం నగరం చొచ్చే వేళకు దాని ధ్వని తొలకరి మేఘపు ఉరుములా వినవచ్చింది. మేడల మీది నెమళ్లు మెడలు సాచాయి. ఒకనాడు నలుని రథానికి పూన్చిన గుర్రాలు ఆ ఊరి శాలలోనే ఉన్నాయి. అవి ఆ చప్పుడు విని, పూర్వపు యజమాని చెంతకు చేరినట్లే ఉత్సాహపడ్డాయి. అంతఃపురంలోని దమయంతి అప్పటికి సారథి ముఖం చూడలేదు, మాట వినలేదు. రథం చేసిన శబ్దాన్ని బట్టే తోలుతున్నవాడు నలుడై ఉండాలని తలపోసింది. ఈ కథ చదివినవారందరూ దమయంతి పాతివ్రత్యాన్ని కొనియాడతారు. ఆమె చెవిని కొనియాడినవారు అరుదు. రూపం మారిన భర్త రాకను పోల్చుకోవడానికి ఆనాడు ఆమెకు దొరికిన ఆధారం చక్రాల చప్పుడే.

బండి చప్పుడును వినడం మన పల్లెల్లో ఒకప్పుడు సామాన్యవిద్య. ఇరుసు ఎండిపోతే వచ్చే కిర్రుమనే మోత వేరు, చీల వదులైనప్పుడు చక్రం చేసే లొడలొడ వేరు, పట్టా సడలినప్పటి గణగణ వేరు. చీకట్లో వస్తున్న బండి ఎవరిదో అరుగు మీద పడుకొన్న ముసలివారు చప్పుడును బట్టి చెప్పేవారు. ‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అనే సామెత అలాంటి చెవుల నుండే పుట్టి ఉంటుంది. అద్దాలు బిగించి, చల్లగాలి పెట్టుకొని, పాటలు వింటూ ప్రయాణించే కాలంలో ఆ విద్య ఇళ్లను విడిచి మరమ్మతు షెడ్లలో తలదాచుకొంది. అక్కడైనా అందరి దగ్గరా లేదు.

కృష్ణా జిల్లా ఉయ్యూరులో ఉద్యోగ విరమణ చేసిన ఒక లెక్కల మాస్టారు ఉన్నారు. ఆయనకు 2003లో కొన్న మారుతి 800 కారు ఉంది. 796 సి.సి. యంత్రం, 12 అంగుళాల చిన్న చక్రాలు, మొత్తం కలిపి సుమారు 650 కిలోల బరువు. పిల్లల చదువులు, పెళ్లిళ్లు, పుష్కర స్నానాలు అన్నీ ఆ కారులోనే గడిచాయి. 2022 వర్షాకాలంలో దాని ముందుభాగం నుండి ఒక చప్పుడు మొదలైంది. తలుపు మీద ఎవరో వేలి కణుపుతో కొట్టినట్లు ‘టక్ టక్’మని వినిపించేది. విన్నది మాస్టారు కాదు, ఆయన భార్య. అరవై దాటిన వారిలో చాలామందికి హెచ్చుస్థాయి ధ్వనులు ముందుగా వినబడకుండా పోతాయి. మాస్టారి చెవులు ఆ దశలో ఉన్నాయి. ఆయనకు ఇంజను మోత వినబడేది, హారను వినబడేది. ఈ సన్నని చప్పుడు మాత్రం అందేది కాదు. ఆమెకు స్పష్టంగా అందేది. ఆమె పుట్టినింట చెరకు తోలే బండ్లు ఉండేవి. ఉయ్యూరు చక్కెర కర్మాగారానికి చెరకు మోసుకుపోయే ఎడ్లబండ్ల వరుసల నడుమ పెరిగిన మనిషి.

అంతకు ముందు సంవత్సరమే ఆమె మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. నెలకొకసారి విజయవాడ వెళ్లి వైద్యునికి చూపించుకోవాలి. బస్సు మెట్లు ఎక్కలేదు. ఆటోలో ముప్పై కిలోమీటర్ల కుదుపు ఓర్చుకోలేదు. కారు తప్ప దారి లేదు. కాని ఆ కారు చప్పుడు విన్న కొద్దీ ఆమెకు భయం పెరిగింది. “ఏమండీ, ఆ చప్పుడు ఏమిటో తెలిసేదాకా నేను ఇందులో ఎక్కను” అని ఒకనాడు కచ్చితంగా చెప్పింది. దూరదేశంలో ఉన్న కొడుకు కారు అమ్మివేయమన్నాడు. పాత కారుకు వచ్చే ధర ఎంతో, ఆ ధరకు వచ్చే మరో పాత కారులో ఏ చప్పుడు దాగి ఉంటుందో అతడు చెప్పలేదు. పైగా పదిహేనేళ్ల గడువు తీరాక 2018లో ఐదేళ్లకు పొడిగించుకొన్న రిజిస్ట్రేషను 2023తో ముగుస్తుంది. దానిని మళ్లీ పొడిగించాలంటే బండి తనిఖీకి నిలవాలి.

మాస్టారు మొదట ఒక మరమ్మతు షెడ్డుకు వెళ్లారు. అక్కడి కుర్రవాడు బానెట్టు అంచును రెండుసార్లు అదిమి వదిలి, “షాక్ అబ్జార్బర్లు పోయాయి సార్” అన్నాడు. రెండూ మార్చాడు. డబ్బు అయింది, చప్పుడు పోలేదు. పైగా కొత్తది ఒకటి చేరింది. ఆగి ఉన్న కారులో స్టీరింగు తిప్పితే ‘టంగ్’మని తీగ తెగినట్లు మోగసాగింది. రెండవ చోట స్టీరింగు ర్యాక్ మొత్తం మార్చాలన్నారు. అందుకయ్యే ఖర్చు విని మాస్టారు కారు తిప్పుకొని ఇంటికి వచ్చేశారు. భాగాలు మార్చడం వేరు, జబ్బు కనిపెట్టడం వేరు. మార్చగా మార్చగా ఎప్పటికో అసలు భాగం దగ్గరకు చేరవచ్చు. అప్పుడు చప్పుడు ఆగుతుంది, మరమ్మతు చేసినవాడికి పేరు వస్తుంది. దానిని విద్య అనడం కష్టం.

ఇక్కడ కారు ముందు చక్రాలు దేనికి వేలాడుతాయో కొంత తెలుసుకోవాలి. 2014లో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడర్ కారును ఎరిగినవారికి దాని కీళ్లకు తరచు గ్రీజు ఎక్కించవలసి వచ్చేదని గుర్తుంటుంది. ఇనుము మీద ఇనుము తిరిగే కీలుకు కందెన తప్పదు. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 మరో తరానికి చెందింది. దాని ముందు చక్రాల అమరికను అమెరికా ఇంజనీరు ఎర్ల్ మాక్‌ఫెర్సన్ పేరుతో పిలుస్తారు. 1950లో ఇంగ్లండులో ఫోర్డు సంస్థ తయారుచేసిన కాన్సల్ కారులో ఈ పద్ధతి వాడుకలోకి వచ్చింది. తక్కువ చోటు, తక్కువ భాగాలు, తక్కువ ఖర్చు కావడం చేత తరువాత ప్రపంచంలోని చిన్న కార్లలో అధికభాగం దీనినే స్వీకరించాయి. ఇందులో షాక్ అబ్జార్బరే నిలువు స్తంభం. దాని చుట్టూ స్ప్రింగు ఉంటుంది. స్తంభం పైకొన రబ్బరు దిమ్మె ద్వారా కారు శరీరానికి ఆనుతుంది. స్టీరింగు తిప్పినప్పుడు స్తంభం ఆ దిమ్మెలోనే తిరుగుతుంది. కిందికొన చక్రాన్ని పట్టుకొని ఉంటుంది. చక్రం కింది భాగాన్ని ఒక ఇనుప చేయి అడ్డంగా పట్టి ఉంచుతుంది. ఆ చేయి చక్రంతో కలిసే చోట గుండ్రని కీలు ఒకటి ఉంది. మన తొడ ఎముక తల తుంటి గుంటలో ఎలా ఒదిగి తిరుగుతుందో అదీ అలాగే తిరుగుతుంది. మెకానిక్కులు దానిని బాల్ జాయింట్ అంటారు. ఇవికాక ఎడమ, కుడి చేతులను కలుపుతూ కారు ముందుభాగాన ఒక వంపు తిరిగిన ఉక్కుకడ్డీ ఉంటుంది. దానిని స్టెబిలైజర్ బార్ అంటారు. మలుపులో కారు ఒక పక్కకు ఒరగకుండా ఆపడం దాని పని.

ఈ భాగాలు కలిసేచోట చాలామట్టుకు రబ్బరు బుష్షులు ఉంటాయి. గ్రీజు అక్కరలేకపోవడం, చప్పుడు చేయకపోవడం రబ్బరులోని గుణాలు. అయితే రబ్బరుకు ఆయువు ఉంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి కాచి దానికి గట్టిదనం తెప్పించే మార్గం కనుగొన్నాడు కాని, ముసలితనం రాకుండా ఆపే మార్గం ఎవరికీ దొరకలేదు. ఎండ, వేడి, గాలిలోని ఓజోను, కారిన నూనె దాన్ని కొరుక్కుతింటాయి. అది బిగుసుకుపోతుంది, బీటలు వారుతుంది, రంధ్రం పెద్దదవుతుంది. అప్పటివరకు మెత్తని పరుపు మధ్య పడుకొన్న ఇనుము లేచి పక్కనున్న ఇనుమును కొడుతుంది. చప్పుడు అంటే ఇంతే. వెంట్రుకవాసి ఖాళీ చాలు.

ఆ ఖాళీ ఎక్కడుందో చెవికి సులభంగా తెలియదు. గాలిలో కంటె ఉక్కులో శబ్దం సుమారు 15 రెట్లు వేగంగా పరుగెత్తుతుంది. చక్రం దగ్గర పుట్టిన దెబ్బ క్షణంలో కారు రేకుల నిండా వ్యాపించి, పలుచని రేకు ఎక్కడ ఉంటే అక్కడ మోగుతుంది. ఎడమ చక్రం చప్పుడు కుడి కాలి కింద వినిపించవచ్చు. ముందరి చప్పుడు మీట పెట్టెలో వినిపించవచ్చు. పిలక ఒకచోట, గడ్డ ఒకచోట అన్నట్లుంటుంది వ్యవహారం. అందుచేత ‘ఎక్కడ’ అని చెవిని అడగడం కంటె ‘ఎప్పుడు’ అని అడగడం మేలు. ఆ ప్రశ్నకు చెవి అబద్ధం చెప్పదు.

లెక్కల మాస్టారికి ఈ సంగతి తట్టడం సహజమే. ఆయన నలభై పేజీల నోటుపుస్తకం ఒకటి తీసి, పేజీని నిలువుగా రెండు భాగాలు చేశారు. ఒకవైపు ‘చప్పుడు ఉంది’, రెండవవైపు ‘చప్పుడు లేదు’. భార్యను బతిమాలి, ఊరు దాటకుండా, మెల్లగా పోనిచ్చే ఒప్పందం మీద నాలుగు ఉదయాలు కారులో కూర్చోబెట్టుకొన్నారు. ఆయన తోలేవారు, ఆమె వినేది. వీధిలోకి తిరిగిన తరువాత ఇద్దరి మధ్య వేరే సంభాషణ ఉండేది కాదు. “ఇప్పుడు?” అనేవారు ఆయన. “ఆఁ” అనో, “లేదు” అనో ఆమె సమాధానం. ఇల్లు చేరగానే ఆయన రాసుకొనేవారు. నలభై ఏళ్ల కాపురంలో తన మాటను ఈయన ఇంత శ్రద్ధగా రాసుకోవడం అదే మొదలని ఆమె పొరుగింటి వారితో అన్నది.

నాలుగవనాటికి పట్టిక ఇలా తేలింది. బందరు రహదారిలో సమతలమైన చోట ఎంత వేగంగా పోయినా చప్పుడు లేదు. స్పీడు బ్రేకరు మీద రెండు చక్రాలూ ఒక్కసారిగా మెల్లగా ఎక్కి దిగితే దాదాపు లేదు. కాలువగట్టు దారిలో ఒక చక్రం గుంటలో, ఒక చక్రం మిట్ట మీద నడిచినప్పుడు మాత్రం వరుసగా టకటక. బ్రేకు వేసి ఆగినప్పుడు ఒక్కటే ‘టక్’, మళ్లీ కదిలినప్పుడు ఇంకొక ‘టక్’. గతుకుల్లో బ్రేకును కొద్దిగా నొక్కిపట్టినా టకటక ఆగలేదు. స్టీరింగు పూర్తిగా తిప్పి చుట్టూ తిరిగినప్పుడు కటకట లేదు. ఇక ఆ ‘టంగ్’మనేది ఆగి ఉన్న కారులో స్టీరింగు తిప్పితే చాలు వస్తుంది, గతుకులతో దానికి సంబంధం లేదు. అది షాక్ అబ్జార్బర్లు మార్చిన మరునాటి నుండి పుట్టింది.

మన తార్కికులు అన్వయ వ్యతిరేకాలు అంటారు. ఒకటి ఉన్నప్పుడు మరొకటి ఉండడం అన్వయం. అది లేనప్పుడు ఇది లేకపోవడం వ్యతిరేకం. రెండూ కుదిరితేనే కార్యకారణ సంబంధం నిలుస్తుంది. మరమ్మతు కోరి వచ్చేవారిలో అధికులు అన్వయం మాత్రమే చెబుతారు: ‘గతుకుల్లో చప్పుడొస్తోంది’ అని. ఏ గతుకుల్లో రావడం లేదో చెప్పేవారు ఉండరు. మాస్టారి నోటుపుస్తకంలో కుడివైపు నిలువుగీతకు అవతల ఉన్న ‘లేదు’లే ఎక్కువ విలువైనవి.

ఆ పుస్తకం పట్టుకొని, కంకిపాడు, పోరంకి, కానూరు మీదుగా ఇద్దరూ విజయవాడ ఆటోనగర్ చేరారు. లారీ క్యాబిన్లు కట్టేవారు, రేడియేటర్లు అతికేవారు, పాత ఇంజన్లు విప్పి అమ్మేవారు, ఇలా వీధికొక వృత్తిగా విస్తరించిన పేట అది. అక్కడ ఒక సందులో రేకుల షెడ్డు కింద పనిచేసే వృద్ధ మేస్త్రీ గురించి మాస్టారి పాత శిష్యుడెవరో చెప్పాడు. అంబాసిడర్ కార్ల కాలంలో పని నేర్చిన మనిషి. నోటుపుస్తకం చూపించగానే ఆయన కళ్లజోడు పెట్టుకొని రెండుసార్లు చదివాడు.

“ఇది రాసింది మీరా మాస్టారూ?”

“రాసింది నేను. విన్నది ఆవిడ.”

మేస్త్రీ ఆమె వైపు తిరిగాడు. “బ్రేకు వేసినప్పుడు వచ్చేదీ, గతుకుల్లో వచ్చేదీ ఒక్క గొంతేనా అమ్మగారూ, వేరువేరా?”

ఆమె కాసేపు ఆలోచించి, “ఒక్క గొంతే” అన్నది.

అంతవరకు ఎవరూ అడగని ప్రశ్న అది. మేస్త్రీ జాకీ తెప్పించలేదు. కారును గుంత మీదికి నడిపించి, నాలుగు చక్రాలూ నేల మీదనే ఉంచి తాను కిందికి దిగాడు. పైన ఒక కుర్రవాడిని కూర్చోబెట్టి స్టీరింగును కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడించమన్నాడు. మరొకణ్ణి బానెట్టు మూల పట్టి ఊపమన్నాడు. కారును జాకీ మీద ఎత్తితే చక్రాలు వేలాడతాయి, కీళ్ల మీద బరువు మారిపోతుంది, అరిగిన చోటు ఒక పక్కకు బిగిసి మంచిదానిలా నటిస్తుంది. బరువు మోస్తున్నప్పుడే దాని బండారం బయటపడుతుంది. కుర్రవాళ్లు ఊపుతుంటే మేస్త్రీ ఒక్కొక్క కీలు మీద మూడేసి వేళ్లు ఆనించి నిలబడ్డాడు. నాడి చూసే వైద్యుడు కూడా అంతే నిశ్చలంగా ఉంటాడు. చెవిని రేకులు మోసగించవచ్చు కాని వేళ్లను మోసగించలేవు. దెబ్బ పుట్టిన చోట అది వేలికి చిన్న సూదిపోటులా తగులుతుంది, పక్క కీలు దగ్గర వట్టి అదురుగా మాత్రమే తెలుస్తుంది. ఎడమవైపు స్టెబిలైజర్ బార్ కొన దగ్గర ఆయన చేయి ఆగింది. ఇనుపకడ్డీ ఒకటి దూర్చి మెల్లగా ఎగదోశాడు. టక్. పైన నిలబడిన ఆమె “అదే!” అన్నది.

ఇక్కడొక చిక్కు ఉంది. మలుపులో ఒరగకుండా ఆపే కడ్డీకి, బ్రేకు వేసినప్పటి చప్పుడుకు ఏమిటి సంబంధం? గతుకుల్లోని టకటక సులభంగానే అర్థమవుతుంది. రెండు చక్రాలూ కలిసి లేస్తే ఆ కడ్డీ మెలిపడదు, ఒక చక్రం లేచి రెండవది దిగితేనే మెలిపడుతుంది, అప్పుడే వదులైన కొన కొట్టుకొంటుంది. స్పీడు బ్రేకరు మీద మౌనం, కాలువగట్టు మీద కోలాహలం అందుకే. కాని చాలా కార్లలో ఆ కడ్డీ బ్రేకు దెబ్బ మోయదు. మారుతి 800లో మాత్రం దానికి రెండు ఉద్యోగాలు. దాని కొనలు దిగువ చేతుల్లోకి దూరి, ఆ చేతులు ముందుకూ వెనుకకూ కదలకుండా పట్టి ఉంచేదీ అదే. బ్రేకు పడగానే నేల చక్రాన్ని వెనుకకు లాగుతుంది. బుష్షు అరిగి ఉంటే చేయి ఆ ఖాళీ మేరకు వెనక్కి జరిగి ‘టక్’మంటుంది. కదిలినప్పుడు ముందుకు జరిగి మళ్లీ ‘టక్’. రెండు లక్షణాలకు ఒకే కారణం. అందుకే మేస్త్రీ ఒక్క గొంతేనా అని అడిగాడు. ఈ రెండవ ఉద్యోగం సంగతి తెలియని పనివాడు, ఇతర కార్లలో చేసినట్లు ఆ కడ్డీ కొన విప్పివేసి తోలి చూద్దామనుకొంటే మాత్రం ప్రమాదమే. చక్రానికి ముందువెనుకల పట్టు లేకుండా పోతుంది.

‘టంగ్’ సంగతి మేస్త్రీ గుంతలోంచి పైకి వచ్చి క్షణంలో తేల్చాడు. స్తంభం పైకొన మీద, స్ప్రింగు మీద చెరొక చేయి వేసి స్టీరింగు తిప్పించాడు. స్ప్రింగు కదలకుండా కొంతసేపు బిగబట్టి, ఒక్కసారిగా విడివడి ఎగిరింది. షాక్ అబ్జార్బర్లు కొత్తవి వేసిన చోట పైనున్న రబ్బరు దిమ్మెలు పాతవే బిగించారు. ఇరవై ఏళ్లు ఒక స్థితికి అలవాటుపడిన దిమ్మెను విప్పి మళ్లీ బిగిస్తే అది పగలక తప్పదు.

ఆయుర్వేదంలో మాధవకరుడు రచించిన మాధవనిదానం రోగనిర్ణయానికి ఐదు మెట్లు చెబుతుంది. నిదానం అంటే కారణం, పూర్వరూపం అంటే రోగం బయటపడకముందటి సూచన, రూపం అంటే లక్షణం, ఉపశయం అంటే ఏది చేస్తే తగ్గుతున్నదో హెచ్చుతున్నదో చూసి తెలుసుకోవడం, సంప్రాప్తి అంటే రోగం ఏర్పడిన క్రమం. ఆటోనగర్ మేస్త్రీ ఆ గ్రంథం పేరు విని ఉండడు. అయినా గతుకు, బ్రేకు, మలుపు అనే మూడు పథ్యాపథ్యాలతో ఆ దంపతులు నాలుగు ఉదయాలు చేసినది ఉపశయ పరీక్షే. దమయంతి కూడా చప్పుడుతో ఆగిపోలేదు. కేశినిని పంపి బాహుకుని నడవడి గమనింపజేసింది, అతడు వండిన మాంసం తెప్పించి రుచి చూసింది. వినికిడి అనుమానాన్ని పుట్టిస్తుంది; నిశ్చయానికి ఇంకొక సాక్ష్యం కావాలి.

బుష్షుల జత ఖరీదు చాలా స్వల్పం. మాస్టారు జేబులో చేయి పెట్టారు. కాని మేస్త్రీ పని ముగిసిందనలేదు. “వచ్చారు కదా, మిగతావి కూడా చూద్దాం” అని ఇప్పుడు జాకీ తెప్పించాడు. చక్రం గాలిలోకి లేచాక దాన్ని గడియారంలా ఊహించుకొని, తొమ్మిది, మూడు అంకెల దగ్గర పట్టి ఊపాడు. స్టీరింగు కడ్డీల కొనలు బాగున్నాయి. ర్యాక్ కూడా బాగుంది. దాన్ని మార్చమన్న రెండవ షెడ్డును గురించి ఆయన ఏమీ అనలేదు. తరువాత పన్నెండు, ఆరు దగ్గర పట్టి ఊపాడు. కుడి చక్రం కదలలేదు. ఎడమ చక్రం కొద్దిగా, చూసేవారికి తెలియనంత కొద్దిగా ఊగింది. దిగువ చేతికీ చక్రపు భాగానికీ మధ్య కడ్డీ దూర్చి ఎత్తితే బాల్ జాయింట్‌లో కదలిక కనిపించింది. దానిని కప్పి ఉంచే రబ్బరు తొడుగు ఎప్పుడో చిరిగింది. లోపలి గ్రీజు కడుక్కుపోయి, వాననీరు చేరి, గోళం తుప్పు పట్టింది.

విచిత్రమేమంటే ఆ కీలు ఇంకా చప్పుడు చేయడం లేదు. ఇన్నాళ్లు అందరినీ భయపెట్టిన బుష్షు వల్ల వెంటనే పెద్ద ఆపద వచ్చేది కాదు. మహా అయితే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగేది, టైరు అరిగేది. నోరు విప్పని బాల్ జాయింట్ అలాంటిది కాదు. అది గుంటలోంచి ఊడి వస్తే చక్రం కింది భాగం బయటికి విసురుకుపోతుంది, కారు ముక్కు నేలకు ఆనుతుంది, స్టీరింగు ఎటు తిప్పినా లాభం ఉండదు. గుంట పక్కన కుర్చీలో కూర్చున్న ఆమె ఈ మాటలన్నీ విన్నది. ఎక్కనని తాను పట్టుబట్టకపోయి ఉంటే అన్న మాట ఆమె అనలేదు. మాస్టారు మాత్రం చాలాసేపు ఆ చిరిగిన తొడుగును చేతిలో తిప్పుతూ కూర్చున్నారు.

పని సాయంత్రం దాకా సాగింది. ఎడమ దిగువ చేయి కీలుతో సహా కొత్తది వేశారు. బుష్షులు, పై దిమ్మెలు రెండువైపులా మార్చారు. ఒకవైపు కొత్తది, రెండవవైపు పాతది ఉంటే బండి నడక సమంగా ఉండదు. మరి చేయి ఒకటే ఎందుకు మార్చారని మాస్టారు అడిగారు. కుడిది పూర్తిగా బాగుందని, దాని తొడుగు కూడా చెక్కుచెదరలేదని, అనవసరంగా డబ్బు పెట్టించనని మేస్త్రీ జవాబు. దిమ్మెలు మార్చేటప్పుడు స్ప్రింగును బిగింపు సాధనంతో రెండువైపులా సమంగా అణచిపట్టి కాని పైనున్న మరను విప్పలేదు. అణగి ఉన్న ఆ స్ప్రింగు జారి ఎగిరితే మనిషి దవడ నిలవదు. ఆ పని దగ్గరకు కుర్రవాళ్లను రానివ్వలేదు.

ఇంకొక జాగ్రత్త చూడముచ్చటగా ఉంది. దిగువ చేతి మరలను మేస్త్రీ గాలిలో పూర్తిగా బిగించలేదు. వేళ్లతో మాత్రమే తిప్పి వదిలి, కారును నేలకు దించి, కుర్రవాళ్లచేత ముందుభాగాన్ని నాలుగుసార్లు ఊపించి, బండి తన సహజమైన ఎత్తులో నిలబడిన తరువాత గుంతలోకి దిగి గట్టిగా బిగించాడు. చక్రం వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే పట్టుబడుతుంది. నేలకు దిగగానే మెలిపడి, రాత్రింబగళ్లు ఆ మెలికలోనే ఉండి, ఏడాది తిరగకముందే చిరుగుతుంది. కొత్త బుష్షులు త్వరగా పోతున్నాయని సరుకును తిట్టేవారిలో ఎందరో ఈ చిన్న సంగతి ఎరుగరు. చివరకు చక్రాల కోణాలు సరిచూసే యంత్రం ఉన్న చోటికి పంపి, అలైన్‌మెంటు చేయించుకొని మరీ ఇంటికి పొమ్మన్నాడు.

నోటుపుస్తకాన్ని ఆయన తిరిగి ఇవ్వబోయి, ఒక్క క్షణం ఆగి, “ఈ పేజీ నాకు ఇస్తారా మాస్టారూ? మా కుర్రాళ్లకు చూపిస్తాను” అన్నాడు. మాస్టారు అంచు చెదరకుండా స్కేలు పెట్టి చించి ఇచ్చారు.

చీకటి పడుతుండగా కారు ఆటోనగర్ దాటింది. కానూరు దగ్గర లారీ అడ్డు రావడంతో మాస్టారు గట్టిగా బ్రేకు వేయవలసి వచ్చింది. కారు ఆగింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. ఏమీ లేదు. కదిలినప్పుడూ ఏమీ లేదు. ఉయ్యూరు చేరాక మాస్టారు రహదారి విడిచి కావాలనే కాలువగట్టు దారి పట్టించారు. ఎడమ చక్రం గుంటలో దిగింది, కుడి చక్రం మిట్ట ఎక్కింది. ఆమె తల కొద్దిగా పక్కకు వంచి, చాలాదూరం మాట్లాడకుండా విన్నది. ఆయన “ఇప్పుడు?” అని అడగలేదు.

“ఏమండీ, వెనకాల ఏదో గలగలమంటోంది” అన్నది చివరకు.

మాస్టారు కారు ఆపి, దిగి, డిక్కీ తెరిచారు. జాకీ కడ్డీ, చక్రాల మరలు విప్పే పానా విడివిడిగా రేకు మీద పడి ఉన్నాయి. షెడ్డు కుర్రవాడు వాటిని సంచిలో పెట్టడం మరచినట్లున్నాడు. ఆయన తన భుజం మీది తువ్వాలులో రెంటినీ చుట్టి, స్టెప్నీ పక్కన దూర్చి, డిక్కీ మూశారు.